మధ్యాహ్నం రెండుసార్లు

ఆ ప్రెస్సులో పుస్తకాలు వెయ్యరు, క్యాలెండర్లు వెయ్యరు. మందుల డబ్బాల్లో మాత్రలతో పాటు మడతపెట్టి కుక్కుతారే, ఆ సన్నకాగితాలు వేస్తారు. డబ్బా విప్పగానే మనం ముందు పారేసేది దాన్నే. ఎవరూ చదవరు గదా అని ఎలా పడితే అలా వేస్తామంటే కుదరదు. వెయ్యిమంది పారేసిన కాగితాన్ని వెయ్యిన్నొకటో మనిషి కళ్ళజోడు పెట్టుకుని మరీ చదువుతాడు. వాడికి సరిగ్గా తప్పున్న లైనే తగుల్తుంది.

అందుకని అక్కడ ఏ కాగితమైనా మూడు విడతలు చూస్తే గానీ మెషిన్ ఎక్కదు. మొదటి విడతలో రేడియో అనే ఆయన కంపెనీవాళ్ళు పంపిన అసలు కాపీని పైకి చదువుతాడు, అతని జోడీ అచ్చుప్రతి మీద పెన్సిల్ పట్టుకుని వింటూ సరిచూసుకుంటాడు. రెండో విడతలో పెన్సిల్ చేతులు మారుతుంది. రేడియోకి ఆ పేరు ఊరికే రాలేదు. వార్తలు చదివినట్టు ఆగకుండా, తడుముకోకుండా, మధ్యలో టీ తాగుతూ కూడా చదివేస్తాడు. మూడో విడత ప్రూఫమ్మది. ఆమెకి చదివిపెట్టే మనిషి ఉండరు. కిటికీ పక్క కుర్చీలో ఒక్కతే కూర్చుని, ఎడమచేతి వేలు అసలు కాపీ మీద, కుడిచేతిలో ఊలు అల్లే సూది అచ్చుప్రతి మీద పెట్టుకుని, రెంటినీ అక్షరం అక్షరం జరుపుకుంటూ పోయి, అడుగున సంతకం పెడుతుంది. ఆ సంతకం లేనిదే ఎవరొచ్చి మొత్తుకున్నా మెషిన్ తిరగదు.

అరచేతంత కాగితానికి ఆమెకి గంటంబావు పడుతుంది. పడితే పడిందని ఎవరూ ఏమీ అనరు. ఇరవై రెండేళ్ళలో ఆమె చేతి మీదుగా ఒక్క తప్పు బయటికి పోలేదు మరి. కంపెనీల నుంచి ఎవరైనా వస్తే ఓనరు వాళ్ళని కిటికీ దాకా తీసుకొచ్చి, ఈవిడే మా ప్రూఫమ్మ, కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తుందండీ అని చూపించేవాడు. ఆమె తలెత్తేది కాదు. ఎంత ఏకాగ్రతో అనుకుని వాళ్ళు చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళేవాళ్ళు.

ఏకాగ్రతా లేదు, పాడూ లేదు. తలెత్తితే సూది ఎక్కడుందో మర్చిపోతుందని భయం. అసలు సంగతేమిటంటే ప్రూఫమ్మకి చదవడం రాదు.

అక్షరాలు రావని కాదు. అన్నీ వచ్చు. ఒక్కోదాన్నీ పలకరించి, పేరడిగి, పక్కదాన్ని పిలిచి, రెంటినీ కలిపి ముందుకి నడిపించాలి. మాట పూర్తయ్యేసరికి నీరసం వచ్చేది. లైను చివరికి చేరేసరికి మొదట్లో ఏముందో గాల్లో కలిసిపోయేది. ఇరవై రెండేళ్ళుగా ఆమె సంతకం పెట్టిన కాగితాలు ఏ రోగానివో ఆమెకి తెలీదు. తప్పులు దొరికేది కూడా అందుకే. గడగడా చదివేవాళ్ళ కళ్ళు సగం చూసి మిగతాది ఊహించుకుంటాయి, అక్కడ ఉండాల్సిన మాటని అవే పెట్టేసుకుని ముందుకెళ్ళిపోతాయి. ప్రూఫమ్మకి ఏం ఉండాలో తెలీదు గనక ఉన్నది మాత్రమే కనిపించేది.

చిన్నప్పుడు ఆమె ఒకే తరగతి రెండుసార్లు చదివింది. రెండోసారి చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది. ఆ ఏడాది చివర చెల్లెలు పై తరగతికి వెళ్ళింది, ఈవిడ ఇంటికొచ్చేసింది. ఇంట్లో మొద్దు అనే పిలిచేవాళ్ళు, కోపంతో కూడా కాదు, మామూలుగా పేరు పెట్టి పిలిచినట్టు. ప్రెస్సులో మడతలు పెట్టే పనిలో చేరి, మడతపెడుతూ పెడుతూ ఎవరికీ కనపడని తప్పొకటి పట్టుకున్న రోజునే ఆమెని ఎత్తి ఆ కిటికీ పక్కన కూర్చోబెట్టారు. పుట్టి బుద్ధెరిగాక ఆమెని ఎవరైనా తెలివైనదన్నారంటే ఆ కుర్చీలోనే అన్నారు. అది పోతే ఆమెకి మిగిలేది ఆ పాత పేరే.

ఇలా ఉండగా బడి నుంచి కబురొచ్చింది. కొడుకు లారీ తోలుతాడు, కోడలు ఆసుపత్రిలో నర్సు, ఇద్దరికీ ఆ పూట కుదరలేదు. మనవరాలు బుజ్జి మూడో తరగతి. సంగతేమిటో కనుక్కోవడానికి నాయనమ్మ వెళ్ళింది.

టీచరమ్మ చిన్నపిల్ల, కోడలి కన్నా చిన్నది. బుజ్జిని బయట కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, నెమ్మదిగా చెప్పుకొచ్చింది. పిల్లకి లెక్కలొచ్చు, కథ వింటే తిరిగి చెప్తుంది, చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం దగ్గరా ఆగిపోతోంది. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతోంది. ఏం చదివావంటే బిక్కమొహం వేస్తోంది. ఇది వింటుంటే ప్రూఫమ్మకి ఎవరో తన రిపోర్టు తనకే చదివి వినిపిస్తున్నట్టుంది.

"మొద్దంటారా?" అని అడిగింది.

టీచరమ్మ కాదంది. మాటలంటే ఇంట్లో వింటూంటే వాటంతటవే వస్తాయి, చదవడం అలా రాదు, అక్షరానికీ దాని శబ్దానికీ ముడి వెయ్యాలి. కొందరికి ఆ ముడి నాలుగుసార్లకే బిగుసుకుంటుంది, కొందరికి నాలుగొందల సార్లు వేసినా జారిపోతుంటుంది. తెలివికీ దానికీ సంబంధం లేదు. జారినప్పుడల్లా ఎవరో ఒకరు విసుక్కోకుండా మళ్ళీ వెయ్యాలి, అంతే. రోజూ సాయంత్రం ఒక చిన్న పేజీ, ఇద్దరూ కలిసి, పైకి, నాలుగుసార్లు. తప్పు చదివిన మాట కింద పెన్సిల్‌తో చిన్న గీత. రెండు రోజులకోసారి కొత్త పేజీ, లేకపోతే కంఠస్థం చేసి అప్పజెప్పేస్తుంది. కొన్నాళ్ళకి కళ్ళు అక్షరాలు లెక్కపెట్టడం మానేసి మాటని మాటలాగే పట్టుకుంటాయి. ఏడాది చివరి పరీక్షలోపు ఆ మాత్రం రాకపోతే ఇదే తరగతిలో ఇంకో ఏడాది ఉంచాల్సి వస్తుందని కూడా చెప్పింది.

"ఇంట్లో చదవడం బాగా వచ్చినవాళ్ళు ఎవరమ్మా?"

ప్రూఫమ్మ చీర కొంగు సర్దుకుంది. "నేను ప్రూఫ్‌రీడర్ని," అంది.

టీచరమ్మ మొహం వెలిగిపోయింది. ఇంకేం కావాలంది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టారు. మంచం మీద ఇద్దరూ గోడకి చేరగిలబడి, మధ్యలో పుస్తకం. ఒకరు తడబడితే ఒకరు అందిస్తారని టీచరమ్మ అనుకుంది గానీ, ఇక్కడ ఇద్దరూ ఒకే మాట దగ్గర, ఒకే ఒత్తు దగ్గర, బండి గోతిలో పడ్డట్టు ఆగిపోయేవాళ్ళు. బుజ్జి నాయనమ్మ వైపు చూసేది. నాయనమ్మ, నువ్వే చెప్పు, నేను చెప్తే నీకేం వస్తుంది అనేది. ఎంత గంభీరంగా అనేదంటే బుజ్జి నమ్మేసేది. పాపం, నమ్మక ఏం చేస్తుంది. అలా ఎనిమిది లైన్ల పేజీకి మొదటిరోజు యాభై నిమిషాలు పట్టింది. ప్రూఫమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది.

పేజీలు అయిపోతే ప్రెస్సు నుంచి ట్రయల్ వేసిన కాగితాలు తెచ్చేది. కడుపునొప్పి, కీళ్ళనొప్పి, దురద, చెవిపోటు, అన్నీ చదివారు. బుజ్జికి దురద కాగితం బాగా నచ్చింది. ఐదోసారి కూడా చదువుతానంది.

రెండున్నర నెలలయ్యాక ఒక ఉదయం ప్రూఫమ్మ బస్సు కోసం నిలబడి ఉండగా ఎదురుగా ఉన్న బోర్డు తనంతట తనే వినిపించింది. "ఇక్కడ చెత్త వేయరాదు." ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఎవరూ అనలేదు. మళ్ళీ బోర్డు వైపు చూసింది, అది మళ్ళీ అదే అంది. ఆ రోజు నుంచి ఊరు ఊరంతా నోరు విప్పింది. దుకాణాలు, గోడలు, పళ్ళపేస్టు, బస్సులో ముందు సీటు వెనక ఎవడో గీకిన బూతు, ఏదీ ఊరుకోదు. ఒకసారి పక్కాయన పేపర్లో ఏదో దొంగతనం సంగతి చదువుతూ తన స్టాపు దాటి రెండు స్టాపులు ముందుకెళ్ళిపోయింది. తిరిగి నడుచుకుంటూ వస్తూ నవ్వుకుంది. యాభై ఎనిమిదేళ్ళొచ్చాక ఇదేం సంబరం అని తనని తనే తిట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

నవ్వు ప్రెస్సులో ఆగింది. సూది పట్టుకుని కూర్చుంటే గంటంబావు పట్టే కాగితం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఏదో పొరపాటు జరిగిందని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పదిహేను నిమిషాలు. మిగిలిన నలభై నిమిషాలూ సూదిని ఊరికే జరుపుతూ కూర్చుంది. తప్పులు చూస్తున్నానో లేదో ఆమెకే తెలియడం లేదు, కథలా సాగిపోతోంది. మోకాళ్ళ మందు ఖాళీ కడుపున వేసుకోకూడదట. ఇన్నేళ్ళూ తను పరగడుపునే వేసుకున్న సంగతి తలుచుకుని హడలిపోయింది.

ఇది మనవరాలి దగ్గర పట్టిన జబ్బేనని తెలుసు. మానేస్తే పోతుందేమోనని మూడు రోజులు తలనొప్పని చెప్పి బుజ్జితో చదవడానికి కూర్చోలేదు. బుజ్జి మొదటిరోజు తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేసింది. రెండోరోజు పుస్తకం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయింది. మూడోరోజు రానే లేదు. ఈ మూడు రోజుల్లో వీధిలో బోర్డులు ఒక్కటైనా నోరు మూసుకోలేదు. వచ్చిన చదువు పొమ్మంటే పోదని ప్రూఫమ్మకి అర్థమైంది. పిల్లని ఊరికే ఏడిపించానని సిగ్గు కూడా వేసింది. నాలుగోరోజు తనే పుస్తకం తీసుకుని వెళ్ళి మంచం మీద కూర్చుంది. కుర్చీ సంగతి దేవుడికే వదిలేసింది.

దగ్గుమందు కాగితానికి ఆమె సంతకం పెట్టింది ఒక గురువారం మధ్యాహ్నం. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి మెషిన్ ఎక్కించాలి, రెండు లక్షల కాగితాలు. ట్రయల్ కాగితం ఒకటి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. సాయంత్రం దాన్నే చదవబోయారు.

బుజ్జి అప్పటికి చాలా మెరుగుపడింది గానీ, పెద్ద మాటొస్తే ఇంకా చొక్కా చేతులు మడుచుకోవాల్సిందే. "పొద్దున ఒక చెంచా," అని సాఫీగానే అంది. తర్వాతి మాట దగ్గర ఆగి, మూలిగి, విడదీసి, కలిపి, నాలుగు ప్రయత్నాల మీద మధ్యాహ్నం అని బయటికి లాగింది. ఒక చెంచా. హమ్మయ్య అనుకుని ముందుకి జరిగి, దిగాలుగా మొహం పెట్టింది.

"నాయనమ్మా, ఇప్పుడే గదా చదివాను. మళ్ళీ అదే వచ్చింది."

"ఏది?"

"మధ్యాహ్నం. మధ్యాహ్నం రెండుసార్లు వస్తుందా?"

ప్రూఫమ్మ కాగితం లాక్కుని చూసింది. పొద్దున ఒక చెంచా, మధ్యాహ్నం ఒక చెంచా, రాత్రి ఒక చెంచా. సరిగ్గానే ఉంది. సూది తెచ్చి కింద పెట్టి మళ్ళీ చూసింది. పొద్దున ఒక చెంచా, మధ్యాహ్నం ఒక చెంచా, మధ్యాహ్నం ఒక చెంచా. రాత్రి ఎక్కడా లేదు. రేడియో చదువుతుంటే జోడీ రాత్రి అనే చూశాడు, పెన్సిల్ చేతులు మారాక రేడియో కూడా రాత్రి అనే చూశాడు, తను రాత్రి అనే చూసింది. ముగ్గురు పెద్దలు లేని రాత్రిని చూసి వదిలేసిన చోట, చదవడం రాని పిల్ల ఉన్నదాన్ని పట్టుకుంది.

మర్నాడు షట్టర్ ఎత్తక ముందే ప్రెస్సు ముందు నిలబడి ఉంది. ఓనరు రాగానే కాగితం చేతిలో పెట్టి, ఆపండి సార్, అని ఆ లైను చూపించింది. ఓనరు రెండుసార్లు చదివి, ఏముందిందులో అన్నాడు. మూడోసారి వేలు పెట్టి చదివి అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. తేరుకున్నాక అందరినీ పిలిచాడు. చూడండి, సంతకం పెట్టి ఇంటికెళ్ళాక కూడా ఈవిడకి మనసు ఒప్పలేదు, మళ్ళీ చూసుకుంది, పని అంటే ఇలా చెయ్యాలి అని గట్టిగా ఉపన్యాసం ఇచ్చాడు. మెషిన్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. రేడియో ఆమెకి తన టీ ఇచ్చేశాడు.

ఊరుకుంటే అయిపోయేది. చప్పట్లు చల్లారాక కుర్చీలో కూర్చుని ఇంకో ఆరేళ్ళు సూది జరిపేయొచ్చు. ప్రూఫమ్మ టీ గ్లాసు వంక చూసింది. తర్వాతి కాగితంలో ఏ మధ్యాహ్నం ఉంటుందో, ఎవరి ఇంట్లో పిల్ల ఆ లెక్కన మందు తాగుతుందో అనుకుంది. గ్లాసు కింద పెట్టేసింది.

"పట్టింది నేను కాదు సార్. నా మనవరాలు. మూడో తరగతి, దానికింకా సరిగ్గా చదవడం రాదు. నాకు వచ్చేసింది. ఇక నేను ఈ పనికి పనికిరాను."

ఓనరుకి అర్థం కాలేదు. వచ్చేయడమేమిటి, మరి ఇరవై రెండేళ్ళూ ఏం చేశారని అడిగాడు.

"చూశాను సార్. చదవలేదు."

ఆమె మొత్తం చెప్పింది, మొద్దు దగ్గర్నుంచి బస్సు స్టాపు దాకా, తడబడకుండా. ఓనరు గోడకి చేరగిలబడి విన్నాడు. కోపమొచ్చినట్టు లేదు. చివర్లో, వ్యాపారస్తుడు గనక, అసలు సంగతికొచ్చాడు. ఆ పిల్ల కన్ను భలే కన్నమ్మా అన్నాడు. మరీ అంత గట్టిగా చదివించకండి, పెద్దయ్యాక ఈ కుర్చీ దానిదే, నాది హామీ అన్నాడు. మంచిమాటగానే అన్నాడు పాపం.

"నన్ను అలాగే ఉంచేశారు సార్," అంది ప్రూఫమ్మ. "దాన్ని ఉంచను."

కాగితం మీద తన సంతకాన్ని తనే అడ్డంగా కొట్టేసి, సూది సంచిలో వేసుకుని, వెనక గదిలో మడతలు పెట్టేవాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళి చివర్న కూర్చుంది. ఇరవై రెండేళ్ళ కిందట లేచిన బల్లే. పక్కావిడ జరిగి చోటిచ్చింది. కిటికీ పక్క కుర్చీలో ఆ రోజంతా ఒకరి తర్వాత ఒకరు కూర్చుని నెమ్మదిగా చదవడానికి ప్రయత్నించారు. రేడియోకి రెండు లైన్లు దాటేసరికి వార్తలొచ్చేశాయి. చేతులు మడతపెడుతూనే ఉన్నాయి గానీ ప్రూఫమ్మకి ఏడుపొచ్చింది. వచ్చినప్పుడల్లా ముక్కు చీదుకుని మళ్ళీ మడతపెట్టింది.

సాయంత్రం బుజ్జి నాయనమ్మ మొహం చూసే పసిగట్టేసింది. ఏమైందని అడిగితే, కుర్చీ వదిలేశానని చెప్పింది. దాచి ఏం లాభం. నేను చెప్పడం వల్లేనా అని బుజ్జి ఏడుపుమొహం పెట్టింది. కాదు, నాకు చదువొచ్చింది, ఆ కుర్చీ చదువు రానివాళ్ళది అని ప్రూఫమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. బుజ్జి పుస్తకం మూసేసింది.

"అయితే నేను ఇంక నేర్చుకోను. పెద్దయ్యాక నేను కూర్చుంటా అందులో. నీ కుర్చీ మనకే ఉంటుంది."

నాయనమ్మ బుజ్జి మీద ఎన్నడూ గొంతు పెంచింది లేదు. ఆ రోజు పెంచింది. "తియ్యి పుస్తకం. చదువు. ఆగకుండా చదువు."

బుజ్జి హడలిపోయి తీసింది. కొత్త పేజీ, పిల్లి గురించి. కన్నీళ్ళు కారుతూండగానే మొదలుపెట్టింది. మొదటి లైను కుంటింది, రెండోది కొంచెం తక్కువ కుంటింది. పిల్లి గోడెక్కింది, చుట్టూ చూసింది, పాలవాసన పసిగట్టింది. బుజ్జి ముక్కు ఎగబీల్చి, ఆ పిల్లి ఏం చెయ్యబోతుందో తెలిసినదానిలా ముందుకి వంగింది. "కిటికీలోంచి వంటింట్లోకి దూరింది," అని ఒక్క ఊపున చదివేసి తర్వాతి లైనుకి వెళ్ళిపోయింది.

పుస్తకంలో దూకింది అని ఉంది. ప్రూఫమ్మ చూసింది. గీత పెట్టడానికి పెన్సిల్ చేతిలోనే ఉంది. బుజ్జి ఉన్నదాన్ని వదిలేసి ఉండాల్సినదాన్ని చదవడం అదే మొదలు. పిల్లి పాలగిన్నె దాకా చేరింది, పిల్ల ఆగకుండా చదువుకుపోతోంది. ప్రూఫమ్మ పెన్సిల్ కదపలేదు. తన కళ్ళబడిన తప్పుని ఆమె తెలిసి తెలిసి వదిలెయ్యడం జన్మలో అదే మొదటిసారి.